మాటలేని సంగీతానికి దృక్పథం ఉంటుందా? – జర్మన్ జంట ‘క్లస్టర్’ ధ్వని పరిణామం

పాట గురించి మాట్లాడమంటే మన విమర్శకులు వెంటనే సాహిత్యాన్ని పట్టుకుంటారు. బాణీని రెండు విశేషణాలతో సాగనంపుతారు. మాట ఉంటే వస్తువు ఉంటుంది, వస్తువు ఉంటే దృక్పథం ఉంటుంది, అది తేల్చితే విమర్శకుడి పని అయిపోయినట్టే. మరి అసలు మాటే లేని సంగీతం ఎదురైతే ఏం చేస్తాం? సాధారణంగా రెండు దార్లలో ఒకటి తొక్కుతాం. అది శుద్ధకళ, మనకు సంబంధం లేదని తోసేయడం ఒక దారి. సంగీతం విశ్వభాష అని చేతులు జోడించడం రెండోది. ఈ రెండూ విమర్శ చేయవలసిన పనిని ఎగ్గొట్టే పద్ధతులేనని నా అభిప్రాయం.

ఈ సంగతి తేల్చుకోవడానికి ఒక కఠినమైన ఉదాహరణ తీసుకుంటున్నాను. పశ్చిమ బెర్లిన్‌లో పుట్టిన ‘క్లస్టర్’ అనే ఎలక్ట్రానిక్ సంగీత జంట అది. హాన్స్ యోఆఖిమ్ రోడేలియస్, డీటర్ మోబియస్ ఆ ఇద్దరు. వీళ్ల సంగీతంలో పాడే గొంతు దాదాపు లేదు. నినాదం లేదు. మొదటి రికార్డుల్లో రాగమని చెప్పుకోదగింది కూడా లేదు. 1970 నుంచి 2009 దాకా వచ్చిన వీళ్ల ముఖ్యమైన రికార్డుల్ని తేదీల వరసలో విన్నాను. మొదటిదాన్నీ మధ్యవాటినీ పక్కపక్కన పెడితే ఒకే మనుషులు చేశారంటే నమ్మబుద్ధి కాదు. ఈ మార్పును కొందరు ‘పరిణతి’ అంటారు. గోల చేసిన కుర్రాళ్లు పెద్దవాళ్లై రాగం నేర్చుకున్నారని వాళ్ల భావం. మరికొందరు ‘లొంగుబాటు’ అంటారు. తిరుగుబాటు చేసినవాళ్లు అలసిపోయి తీపిలోకి జారారని వీళ్ల భావం. రెండు తీర్పులకీ ఒకటే లోపం ఉంది. ధ్వని ఏ పరిస్థితుల్లో, ఏ పనిముట్లతో, ఎవరి డబ్బుతో తయారైందో రెండూ అడగవు.

ముందు పరిస్థితుల్ని చూద్దాం. 1960ల చివర జర్మన్ యువకుడికి పాడుకోవడానికి ఏ పాట మిగిలింది? జానపద గీతాన్నీ, బృందగానాన్నీ, కవాతు పాటనూ నాజీలు తమ ప్రచారానికి వాడుకున్నారు. యుద్ధం తర్వాత వాటిని నోట పెట్టుకోవాలంటే ఆ వాసన వచ్చేది. రేడియోలో ‘ష్లాగర్’ అనే తీపి సినిమా తరహా పాటలు మోగేవి. మిగిలిన చోటంతా అమెరికన్, బ్రిటిష్ రాక్ ఆక్రమించింది. కార్మిక బృందాలకు పాటలు కట్టిన హాన్స్ ఐస్లర్ సంప్రదాయం ఒకటుంది గాని, ఆయన తూర్పు జర్మనీకి చేరి, 1949లో ఆ దేశ జాతీయగీతానికి బాణీ కట్టి, 1962లో మరణించాడు. అటు పరాయిపాట, ఇటు పాడైపోయిన పాట. ఈ పరిస్థితిలో మాట మానేయడం మాట అంటే లెక్కలేనితనం వల్ల జరిగిందనడానికి వీల్లేదు. మాట ఎంత చెడిపోగలదో కళ్లారా చూసిన తరం అది.

పనిముట్ల చరిత్ర కూడా ఇలాంటిదే. టేపు మీద ధ్వనిని బంధించే మాగ్నెటోఫోన్‌ను 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మొదట జనానికి చూపించారు. నాజీ రేడియో దాన్ని బాగా వాడుకుంది. యుద్ధం తర్వాత 1950ల మొదట్లో కొలోన్ రేడియోలో ఎలక్ట్రానిక్ సంగీతానికే ప్రత్యేకంగా స్టూడియో పెట్టారు. బాలుడి కంఠాన్నీ విద్యుత్ ధ్వనుల్నీ కలిపి స్టాక్‌హౌజెన్ 1956లో తన ప్రసిద్ధ రచన ‘యువకుల గానం’ పూర్తి చేసింది అక్కడే. అది ప్రసార సంస్థ సొమ్ముతో, ఇంజనీర్ల సాయంతో, సంగీత విద్యాలయాల్లో చదివిన పండితులు నడిపిన ప్రయోగశాల. వీధిలో పోయేవాడికి దాని తలుపు తెరుచుకోదు.

ఇప్పుడు మన ఇద్దరి సంగతి. రోడేలియస్ 1934లో బెర్లిన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఉఫా కంపెనీ సినిమాల్లో బాలనటుడు. యుద్ధం తర్వాత తూర్పు జర్మనీలో సాయుధ పోలీసు దళంలో చేర్చుకుంటే పారిపోయాడు. పట్టుబడి జైలు అనుభవించాడు. పశ్చిమానికి చేరి, రోగుల ఒళ్లు మర్దన చేసే పనితో బతికాడు. మోబియస్ 1944లో స్విట్జర్లాండ్‌లోని సెంట్ గాలెన్‌లో పుట్టాడు. బ్రసెల్స్‌లో, బెర్లిన్‌లో చిత్రకళ చదివి, హోటల్లో వంటవాడుగా పనిచేశాడు. ఇద్దరిలో ఎవరూ సంగీత కళాశాల గడప తొక్కినవాళ్లు కారు. ఒకరు చేతులతో ఒళ్లు పట్టేవాడు, ఒకరు చేతులతో వంట చేసేవాడు. వాళ్ల సంగీతం వినేటప్పుడు ఈ సంగతి నేను మరిచిపోలేకపోయాను.

1968లో కాన్రాడ్ ష్నిట్స్‌లర్, రోడేలియస్ తదితరులు పశ్చిమ బెర్లిన్‌లో ‘జోడియాక్’ అనే వేదిక పెట్టారు. షౌబ్యూనె అనే నాటకశాల ఉన్న భవనంలోనే అది నడిచింది. ష్నిట్స్‌లర్ శిల్పి, యోసెఫ్ బోయిస్ శిష్యుడు. అంతకుముందు ఏడాదే, 1967 జూన్ 2న, ఇరాన్ షా రాకకు నిరసన తెలిపిన విద్యార్థి బెన్నో ఓనెజోర్గ్‌ను పోలీసు కాల్చి చంపాడు. 1968 ఏప్రిల్‌లో విద్యార్థి నాయకుడు రూడీ డుచ్కె మీద కాల్పులు జరిగాయి. మే నెలాఖరులో అత్యవసర అధికారాల చట్టాలు వచ్చాయి. ఆ వేడిలో పుట్టిన వేదిక కొద్దికాలానికే మూతపడింది. కాని అక్కడ ఒక సూత్రం తయారైంది. వాద్యం రావాలన్న నియమం లేదు, చేతికందిన ప్రతి వస్తువూ వాద్యమే. ష్నిట్స్‌లర్, రోడేలియస్, మోబియస్ కలిసి పెట్టిన ముగ్గురి బృందానికి ‘క్లుస్టర్’ అని పేరు. పక్కపక్క స్వరాల్ని ఒక్కసారిగా గుత్తిగా మోగించడాన్ని సంగీతజ్ఞులు క్లస్టర్ అంటారు. ఆ మాట మొదటి అక్షరాన్ని వీళ్లు జర్మన్ పద్ధతిలో ‘కె’తో రాసుకున్నారు.

‘క్లుస్టర్’ మొదటి రికార్డు 1970లో వచ్చింది. పేరు ‘క్లోప్‌ఫ్‌త్సైఖెన్’, అంటే తట్టి చేసే సంకేతం. ఖైదీలు గోడ మీద తట్టి పంపుకునే కబుర్లకూ ఆ భాషలో ఇదే మాట. మూగ్ సింథసైజర్ కొనే తాహతు వాళ్లకు లేదు. ఆర్గన్, సెల్లో, గిటారు, ధ్వని పుట్టించే చిన్న విద్యుత్ పరికరాలు, ప్రతిధ్వని యంత్రం మాత్రం ఉన్నాయి. వినేవాడికి రాపిడి, మూలుగు, లోహం మీద దెబ్బ, దూరంగా యంత్రం హోరు తప్ప పట్టుకోవడానికి మరేదీ దొరకదు.

ఇక్కడొక ముఖ్యమైన విషయం గమనించాలి. ఈ రికార్డు వేసింది చర్చి సంగీతం ప్రచురించే ష్వాన్ అనే సంస్థ. అందుకు షరతుగా ఒక వైపంతా మతబోధ లాంటి వచనం చదివించారు. మరుసటి ఏడు వచ్చిన రెండో రికార్డుదీ ఇదే కథ. మాటను కాదనుకున్న సంగీతం మీద డబ్బిచ్చినవాడు తన మాటను తెచ్చి అతికించాడన్నమాట. వచనమున్న వైపూ లేని వైపూ వెంటవెంటనే వినండి. మొదటి వైపున ఆ రాపిడి అంతా బోధించే గొంతుకు నేపథ్యంగా దిగజారుతుంది. పాపానికీ పతనానికీ బొమ్మలు గీసి పెట్టినట్టుంటుంది. రెండో వైపున అదే రాపిడి తన కాళ్ల మీద నిలబడుతుంది. పోషకుడి మాట కళను ఎలా లొంగదీస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. మాట ఉన్నంత మాత్రాన కళకు దృక్పథం వస్తుందనుకునేవాళ్లు ఈ రికార్డు ఒకసారి వినాలి.

1971లో ష్నిట్స్‌లర్ విడిపోయాడు. మిగిలిన ఇద్దరూ ‘కె’ తీసేసి ‘సి’తో క్లస్టర్ అయ్యారు. ఆ ఏడాది ఫిలిప్స్ సంస్థ వేసిన రికార్డులో మూడు రచనలున్నాయి. వాటికి పేర్లు లేవు, నిమిషాలూ సెకన్లే పేర్లు. రికార్డింగ్ ఇంజనీరు కోనీ ప్లాంక్ పేరు కూడా సంగీతకారుల పేర్ల పక్కనే వేశారు. ఇది మర్యాద కోసం చేసిన పని అనుకోను. టేపు మీద కత్తిరింపూ, ప్రతిధ్వనీ, మిశ్రమమూ సృష్టిలో భాగమని ఒప్పుకోవడం అది. స్వరకర్త పైన, సాంకేతికుడు కింద అనే మెట్ల వరసను వాళ్లు అట్ట మీదే కాదన్నారు. 1972లో వచ్చిన ‘క్లస్టర్ 2’లో రచనలకు పేర్లు వచ్చాయి. ‘ఇమ్ జూడెన్’ (దక్షిణాన) అనే రచనలో గిటారు మీద ఒక చిన్న స్వరబంధం మళ్లీ మళ్లీ వచ్చి చెవికి దారి చూపుతుంది. మరో రచన పేరు ‘ఫ్యూర్ డీ కాట్స్’. అక్షరాలా పిల్లి కోసం అని. జాతీయంగా తీసుకుంటే మనం బూడిదలో పోసిన పన్నీరు అంటామే, అది. తమ శ్రమకు దక్కబోయే ఫలితం గురించి వాళ్లకు భ్రమలు లేవు.

ఆ రోజుల్లోనే వీళ్లు నగరం వదిలి, వేజర్ నది ఒడ్డున ఫోర్స్ట్ అనే పల్లెలో పాత రైతు భవనంలో కాపురం పెట్టారు. 1973లో నోయ్ బృందం గిటారిస్టు మైకేల్ రోథర్ వచ్చి చేరాడు. ముగ్గురూ ‘హార్మోనియా’ అనే పేరుతో 1974లో, 1975లో రెండు రికార్డులు చేశారు. రోథర్ తెచ్చినవి తాళమూ, సాగే స్వరమూ. ఆ ప్రభావం 1974లో క్లస్టర్ ‘త్సుకర్‌త్సైట్’లో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ పేరుకు చక్కెర కాలం అని అర్థం. పది చిన్న రచనలు. అయిదు రోడేలియస్‌వి, అయిదు మోబియస్‌వి. వీటిలో తాళయంత్రం మోగుతుంది. అలాంటి యంత్రాన్ని అసలు ఎందుకు తయారుచేశారో గుర్తుంచుకోవాలి. ఇంట్లో ఆర్గన్ వాయించుకునే మధ్యతరగతి కుటుంబాల వినోదం కోసం వాల్ట్జ్, రుంబా తాళాల్ని మీట నొక్కితే అందించే వస్తువు అది. వీళ్లు దాన్ని ప్రతిధ్వని యంత్రంలోంచి పోనిచ్చి, వంకర చేసి, కుంటించి, తాళానికే వేళాకోళం చేశారు. రోడేలియస్ రచనల్లో స్వరం మెత్తగా సాగుతుంది. మోబియస్ రచనల్లో అదే తీపి పాకం ముదిరి గరగరలాడుతుంది. చక్కెర కాలం అన్న పేరులోని ఎగతాళి ఈ రెండింటి మధ్యే ఉంది.

1976లో వచ్చిన ‘జోవీజోజో’ దగ్గర అసలు తగాదా మొదలవుతుంది. ‘జోవీజో’ అంటే ఎలాగూ, ఎలాగైనా అని అర్థం. చివర ఇంకో అక్షరం తగిలించి దాన్ని పిల్లల ఆటపాట చేశారు. రచనల పేర్లు చూడండి: ‘చుట్టుదారి’, ‘బాటసారికి’, ‘అనగనగా’, ‘అనంతంలో’. ఒకదానికి ‘హల్వా’ అనే పేరు, అనువాదం అక్కర్లేదు. ఇందులో హోరు లేదు, రాపిడి లేదు. ఒక చిన్న స్వరం అడుగులో అడుగు వేస్తూ తిరుగుతుంది, దాని మీద మరో స్వరం వాలుతుంది. సాయంత్రపు ఎండలా మెల్లగా రంగు మారుతుంది. నాకిది నచ్చిన రికార్డు. నచ్చింది కాబట్టే దీని మీది ఆరోపణను గట్టిగా పరిశీలించాలి.

ఆరోపణ ఇది. 1972 జనవరిలో పశ్చిమ జర్మనీ పాలకులు రాడికల్ భావాలున్నవాళ్లను ప్రభుత్వ ఉద్యోగాల్లోకి రానివ్వకుండా ఉత్తర్వు తెచ్చారు. ఉపాధ్యాయుల్నీ, రైల్వే ఉద్యోగుల్నీ విచారణలకు పిలిచారు. 1977 శరత్కాలంలో అపహరణలు, హత్యలు, జైల్లో చావులు, వీధుల్లో పోలీసు తనిఖీలతో దేశం బిగుసుకుపోయింది. ఆ ఏళ్లలో వీళ్లు నది ఒడ్డున హల్వా వండుకుంటున్నారు. ఇది పలాయనం కాదా?

జవాబుకు నేను మరో బృందాన్ని సాక్ష్యం పిలుస్తాను. పశ్చిమ బెర్లిన్‌లోనే 1970లో పుట్టిన ‘టోన్ స్టైనె షెర్బెన్’ నూటికి నూరుపాళ్లు మాటల బృందం. జర్మన్‌లోనే పాడారు, సొంతంగా రికార్డులు వేసుకున్నారు. ఖాళీ భవనాల్ని ఆక్రమించిన యువకుల పక్షాన నిలబడి, వాళ్ల మీద పాటలు కట్టారు. గాయకుడు రీయో రైజర్ గొంతు ఆ ఉద్యమానికే గొంతు. అయినా 1975లో వాళ్లూ బెర్లిన్ విడిచి, ఉత్తరాన ఫ్రేజెన్‌హాగెన్ అనే పల్లెలో పాత రైతు ఇంటికి చేరారు. సభ తర్వాత సభలో ఉచితంగా పాడమనే ఒత్తిడికి, నినాదం తప్ప మరేదీ వద్దనే శాసనానికి విసిగి వెళ్లారు. కాబట్టి పల్లెకు పోవడాన్ని మాటలేనితనానికి ముడిపెట్టడం కుదరదు. ఉద్యమం వెనకపట్టు పట్టినప్పుడు మాటవాళ్లూ, మాటలేనివాళ్లూ ఒకే దారిన పోయారు. తప్పు ఉంటే కళారూపంలో వెతక్కూడదు, ఆ తరం రాజకీయ పరిస్థితిలో వెతకాలి.

అంతమాత్రాన క్లస్టర్‌కు సర్టిఫికెట్ ఇచ్చేయడం లేదు. ఫోర్స్ట్ సంగీతంలో ఒక పరిమితి ఉంది. అందులో నది ఉంది, ఆకాశం ఉంది, గది ఉంది, ఇద్దరు స్నేహితులున్నారు. మూడో మనిషి లేడు. పొలంలో పనిచేసేవాడి అడుగు చప్పుడు కూడా వినిపించదు. ‘క్లోప్‌ఫ్‌త్సైఖెన్’లో గోడకు అవతల ఎవరో ఉన్నారన్న నమ్మకం ఉంది. లేకపోతే తట్టడమెందుకు? ‘జోవీజోజో’లో గోడే లేదు, అవతలి మనిషీ లేడు. శాంతి దొరికింది గాని సంబోధన పోయింది. దీన్ని లొంగుబాటు అనలేను. నష్టం అంటాను.

ఈ నష్టం ఎంత ప్రమాదకరమో బ్రయన్ ఈనో రాకతో తేలింది. ఇంగ్లండు నుంచి 1976 సెప్టెంబరులో అతను ఫోర్స్ట్ వచ్చి హార్మోనియాతో కలిసి పనిచేశాడు. ఆ టేపులు 1997 దాకా వెలుగు చూడలేదు. 1977లో ‘క్లస్టర్ అండ్ ఈనో’, 1978లో ‘ఆఫ్టర్ ద హీట్’ వచ్చాయి. ఈనో అదే కాలంలో ‘ఆంబియంట్’ అనే సిద్ధాంతం ప్రతిపాదించాడు. శ్రద్ధగా విన్నా సరే, పట్టించుకోకపోయినా సరే, గదిలో వెలుగులా ఉండే సంగీతం అది. ఆ సిద్ధాంతం ప్రపంచమంతా పాకింది, దాని వెనకనున్న ఇద్దరి పేర్లు చాలామందికి తెలియలేదు. మోబియస్, రోడేలియస్‌ల రికార్డులు ఎప్పుడూ పెద్దగా అమ్ముడుపోలేదు. పల్లె ఇంట్లో చేతులతో తయారైన పద్ధతి నగరపు మార్కెట్టులో ఇంకొకరి ముద్రతో చెలామణి అయింది. సంబోధన లేని సంగీతాన్ని ఎవరైనా తమ గోడకు రంగుగా పూసుకోవచ్చు. హోటళ్లలో, కార్యాలయాల్లో నేపథ్యంగా మోగే నిర్జీవమైన మెత్తదనానికి ఇది దూరపు మూలం. క్లస్టర్‌ను దానికి బాధ్యుల్ని చేయడం అన్యాయం, కాని తలుపు తెరిచి ఉందన్న మాట నిజం.

ఆ ప్రమాదం వాళ్లకూ తెలిసిందనే నాకనిపిస్తుంది. 1979లో వచ్చిన ‘గ్రోసెస్ వాసర్’ (మహాజలం) రికార్డులో ఒక వైపంతా పరుచుకున్న దీర్ఘ రచన ఉంది. నిర్మాత టాంజరిన్ డ్రీమ్ బృందంలో పనిచేసిన పీటర్ బౌమన్. అందులో నెమ్మది నీళ్లూ ఉన్నాయి, మధ్యలో మోత పుట్టే సుడిగుండమూ ఉంది. పాత రాపిడి తిరిగొచ్చింది, అయితే ఇప్పుడది రాగాన్ని కాదనడానికి రాలేదు, రాగంతో తగువు పడడానికి వచ్చింది. 1981లోని ‘కూరియోజుమ్’ ఇంకా వింతైనది. కీ ఇచ్చిన బొమ్మలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నట్టు చిన్న చిన్న రచనలు. దేన్నీ హోటల్లో నేపథ్యంగా పెట్టలేరు. ఆ తర్వాత ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. 1989లో మళ్లీ కలిశారు, 1996లో జపాన్‌లో, అమెరికాలో కచేరీలు చేశారు, మళ్లీ విడిపోయారు. 2007లో కలిసి, 2009లో ‘క్వా’ అనే చివరి రికార్డు చేశారు. 2010తో ఆ జంట ముగిసింది. రోడేలియస్ మరొకరితో కలిసి ‘క్యూ’ అక్షరంతో క్లస్టర్ పేరు కొనసాగించాడు. మోబియస్ 2015 జులైలో మరణించాడు.

ఈ దారంతా చూశాక మొదటి ప్రశ్నకు వద్దాం. మాటలేని సంగీతానికి దృక్పథం ఉంటుందా? ఉంటుంది. దాన్ని వెతకవలసిన చోట్లు మూడు. పనిముట్టు ఎవరి కోసం తయారైంది, దాన్ని వీళ్లు ఎలా వాడారు అనేది ఒకటి. తాళయంత్రాన్ని కుంటించడంలో ఉన్నది ఆ దృక్పథమే. వాయించేవాళ్ల మధ్య సంబంధం ఎలాంటిది అనేది రెండోది. రాక్ సంగీతంలో గిటారువాడు ముందుకొచ్చి ఏకపాత్రాభినయం చేస్తే మిగిలినవాళ్లు మోతగాళ్లవుతారు. నలభై ఏళ్ల క్లస్టర్‌లో నాయకుడు లేడు. ఏ ధ్వని ఎవరిదో తెలియనంతగా ఇద్దరూ ఒకరి సందులో ఒకరు నిలబడ్డారు. ఇది మాటల్లో ప్రకటించిన సమానత్వం కంటే నమ్మదగింది. మూడోది, ఆ ధ్వని ఎవరిని పిలుస్తోంది అనేది. ఇక్కడే వాళ్లు తడబడ్డారు. మొదట గోడ తట్టారు, మధ్యలో తమలో తామే మాట్లాడుకున్నారు, చివర వింతబొమ్మలతో వినేవాణ్ణి మళ్లీ గిల్లారు.

సాహిత్యం రాసేవాళ్లకు ఇందులో పని ఉంది. వస్తువు సరిగా ఉంటే చాలు, రూపం దాని వెంట వస్తుందని మన సభల్లో తరచు వింటుంటాం. ష్వాన్ రికార్డులో బోధ పెట్టించినవాళ్లూ అలాగే అనుకున్నారు. ఆ బోధ మాటలు ఇవాళ వినేవాళ్లకు అడ్డంగా ఉన్నాయి, ఆ రాపిడి మాత్రం బతికే ఉంది. రూపం దానంతటదే చాలునని ఇంకొందరు అంటారు. ఫోర్స్ట్ సంగీతం మార్కెట్టు గోడలకు రంగుగా మారిన తీరు వాళ్లకు జవాబు. నా మట్టుకు ‘క్లస్టర్ 2’, ‘గ్రోసెస్ వాసర్’ వీళ్ల ఉత్తమ రచనలు. రాపిడీ రాగమూ ఒకే చోట ఉండి, రెండూ ఓడిపోకుండా వాదించుకున్న రికార్డులు అవి. ‘జోవీజోజో’ వీటికంటే అందమైనది, అయినా వీటి తర్వాతే దాని స్థానం. దీనితో విభేదించేవాళ్లు ఆ మూడింటినీ వరసగా విని తమ కారణాలు రాస్తే చర్చ ముందుకు సాగుతుంది.